డాక్టర్ సలహా: పాప మజ్జ సంగతి తర్వాత, ముందు బాబు జ్వరం చూడండి

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. మా బాబుకి మూడేళ్లు. జేఎంఎంఎల్ అనే అరుదైన బ్లడ్ క్యాన్సర్ అని, ఎముక మజ్జ మార్పిడి చేయాలని విశాఖలో చెప్పారు. ఆరేళ్ల మా పాప మజ్జ సరిపోవచ్చట. పాప వెన్నెముకలోంచి తీస్తే తర్వాత నడవగలదా అని టెన్షన్‌గా ఉంది. రెండు రోజులుగా బాబుకి జ్వరం. మందుల షాపు సిరప్ పోశాం, ఆర్‌ఎంపీ తుంటికి ఇంజక్షన్ చేశారు. ఆ చోట నల్లగా కమిలింది. రక్తం కావాలంటే మేనమామ ఇస్తానంటున్నాడు. - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగింది పాప గురించి. నాకు భయం వేసింది మాత్రం బాబు జ్వరం, ఆ కమిలిన చోటు గురించి చదివాక. ఇది చూడగానే బాబుని గుణుపురం ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడి నుంచే విశాఖ డాక్టర్లతో ఫోన్లో మాట్లాడించండి. ఈ జబ్బులో తెల్లకణాలు లెక్కకి ఎక్కువే ఉన్నా సరిగా పనిచేయవు. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే మేం ఎమర్జెన్సీగానే చూస్తాం.

సూది గుచ్చిన చోటు నల్లబడిందంటే ప్లేట్‌లెట్లు బాగా తగ్గి ఉండొచ్చు. అలాంటి పిల్లలకి కండకు ఇంజక్షన్ చేయకూడదు. సిరప్ సీసా మీద ఐబుప్రొఫెన్ అని ఉందేమో చూడండి. ఉంటే ఇక ఒక్క చుక్క కూడా పోయొద్దు, రక్తస్రావం పెరగొచ్చు. ఆ సీసా వెంట తీసుకెళ్లండి. చేసిన ఇంజక్షన్ పేరేంటో, అందులో స్టెరాయిడ్ ఉందో లేదో ఆర్‌ఎంపీని అడిగి రాయించుకోండి. రాత్రిపూట బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే దొరికినవాళ్ల దగ్గరికే పరుగెడతాం, నాకు తెలుసు. కానీ ఈ బాబుకి ఇకమీదట అలా వద్దమ్మా. కడుపులో బల్ల (ప్లీహం) పెరిగిందని వాతలు, పసరు కట్లు, మాలిష్‌లు అసలే వద్దు. ఉబ్బిన ప్లీహం చిన్న దెబ్బకే చిట్లొచ్చు.

మేనమామ రక్తం బాబుకి ఎక్కించవద్దు. మార్పిడికి ముందు దగ్గరి బంధువుల రక్తం ఎక్కిస్తే, తర్వాత పెట్టే మజ్జను ఒళ్లు తిప్పికొట్టే ప్రమాదం పెరుగుతుంది. ఆయన్ని బ్లడ్ బ్యాంకులో వేరేవాళ్ల కోసం ఇవ్వమనండి.

ఇక పాప. మజ్జ తీసేది వెన్నెముకలోంచి కాదు, మత్తిచ్చి తుంటి ఎముకలోంచి. కొన్నాళ్లు నొప్పి ఉంటుంది, మామూలుగానే నడుస్తుంది. తీసిన మజ్జ కొన్ని వారాల్లో మళ్లీ తయారవుతుంది. అక్కది తమ్ముడికి పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటే. కుదరకపోతే సగం సరిపోయే మీ దంపతుల్లో ఒకరిని చూస్తారు. రిపోర్టులు చూడకుండా ఇంతకంటే కచ్చితంగా చెప్పలేను. ఒకటి మాత్రం విశాఖలో తప్పక అడగండి: బాబుకి జన్యు పరీక్ష అయిందా? సీబీఎల్ అనే జన్యువులో మార్పు ఉన్న కొందరు పిల్లల్లో ఈ జబ్బు మార్పిడి లేకుండానే తగ్గుతుంది. ఆ మార్పు పుట్టుకతో వచ్చిందైతే అక్కకీ ఉండొచ్చు, అందుకే మజ్జ తీసేముందు పాపకీ ఆ పరీక్ష చేయించాలి.