పిల్లి రాత్రంతా అరుస్తోందా? మాత్ర వేయకండి, అది ఎద

ప్రశ్న: ధాన్యం బస్తాల దగ్గర ఎలుకల కోసం ఆడపిల్లిని పెంచుతున్నాం. ఏడు నెలల వయసు. నాలుగు రోజులుగా రాత్రంతా అరుస్తోంది, నేల మీద దొర్లుతోంది, సరిగా తినట్లేదు. కడుపునొప్పి మాత్ర వేయొచ్చా? ఆపరేషన్ చేయిస్తే ఎలుకలు పట్టదని అంటున్నారు, నిజమేనా?
– ఓ రైతు, గుంటూరు జిల్లా

జవాబు: ముందు ఆ మాత్ర పక్కన పెట్టండి. మనం వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం, ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు. మీరు చెప్పినదాన్ని బట్టి అది ఎదకు వచ్చింది, అంటే గండుపిల్లితో జత కట్టే సమయం వచ్చింది. తోక మొదట్లో చేత్తో నిమిరి చూడండి, ముందుకాళ్ల మీద వంగి, వెనక భాగం పైకెత్తి, తోక పక్కకు పెట్టి వెనక కాళ్లతో తొక్కుతుంటే ఇక అనుమానం అక్కర్లేదు. గేదెకు పడినట్టు వెనక నుంచి జిగట తీగలు పడవు కాబట్టి చాలామంది దీన్ని జబ్బనుకుని టెన్షన్ పడతారు. చీము కారుతున్నా, మూత్రానికి ముక్కుతున్నా, తిండి పూర్తిగా మానేసినా మాత్రం అదే రోజు డాక్టరుకు చూపించాలి.

గేదె ఎద ఒకటి రెండు రోజుల్లో పోతుంది, పిల్లికి దాదాపు వారం ఉంటుంది. పైగా పిల్లిలో సాధారణంగా గండుపిల్లి దాటితేనే (జత కడితేనే) అండం విడుదలవుతుంది, దాటకపోతే రెండు మూడు వారాల్లో మళ్లీ ఇదే గోల. పగటి వెలుతురు ఎక్కువుంటే ఎద వస్తుంది, మన దగ్గర చలికాలంలోనూ పగలు మరీ తగ్గదు కాబట్టి ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు. కడుపు నిలిస్తే సుమారు 65 రోజుల్లో ఈనుతుంది, పిల్లలు పాలు తాగుతుండగానే మళ్లీ ఎదకు వచ్చేవీ ఉన్నాయి.

ఈ వారం గదిలో ఉంచి కిటికీలకు వల కట్టండి. కొట్టొద్దు, పాపం దాని చేతుల్లో ఏమీ లేదు. ఎద ఆపే హార్మోన్ ఇంజెక్షన్ ఎవరైనా చెబితే ఒప్పుకోకండి, గర్భసంచికి చీము పట్టే ప్రమాదం ఉంది.

అసలు పరిష్కారం పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనే. ఎదలో ఉన్నప్పుడు రక్తస్రావం ఎక్కువ, అందుకని అరుపులు ఆగిన వెంటనే, మళ్లీ ఎద రాకముందే చేయించండి. ఒక ఈత అయ్యాకే చేయించాలన్నది అపోహ, నిజానికి చిన్న వయసులో చేయిస్తే పొదుగు క్యాన్సర్ ముప్పు బాగా తగ్గుతుంది. ఎలుకల వేటకు, ఎదకు సంబంధం లేదు, ఆపరేషన్ తర్వాతా పడుతుంది. కాకపోతే ఒళ్లు చేస్తుంది, తిండి కొంచెం తగ్గించండి. పిల్లి తిరిగే చోట ఎలుకల మందు మాత్రం పెట్టకండి, మందు తిన్న ఎలుకను తింటే పిల్లీ పోవచ్చు.