నేల సందేహాలు: ఎత్తు కొండల అడవుల్లో రాతినేలలు

ప్రశ్న: కొండ అడవిలో ఎక్కడ గడ్డపార వేసినా ఖంగుమంటోంది. జానెడు లోతుకే సగం రాళ్లు. దీన్ని నేల అనొచ్చా, రాళ్లకుప్ప అనాలా?

జవాబు: ముమ్మాటికీ నేలే. కొలతకు గీత 2 మిల్లీమీటర్ల దగ్గర ఉంది. ఆ కన్నుల జల్లెడలోంచి కిందికి దిగింది సన్నమట్టి, పైన నిలిచిందంతా రాయి. అమెరికా వర్గీకరణలో ఘనపరిమాణంలో రాళ్లు 35 శాతం దాటిన నేలలకు ‘అస్థిపంజరం’ అనే అర్థమొచ్చే పేరు పెట్టారు. అంతర్జాతీయ వర్గీకరణలో 25 సెంటీమీటర్ల లోపే అఖండ రాతిపొర తగిలితే అది లెప్టోసోల్. గ్రీకులో లెప్టోస్ అంటే పలుచన.

గోతి గోడను కత్తితో గీకి దగ్గర్నుంచి చూడండి. పైన సగం కుళ్లిన ఆకులు, సూదులు, వాటిని కుట్టినట్టు అల్లుకున్న తెల్లటి బూజు దారాలు కనిపిస్తాయి. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. ఆ చలికి సూక్ష్మజీవుల పని మందగించి, రాలిన ఆకు ఏళ్లతరబడి పైనే ఉండిపోతుంది. పైన్, స్ప్రూస్ లాంటి సూదాకు చెట్ల కింద, సున్నం లేని రాయి మీద అయితే ఆ నల్లపొర కింద బూడిదరంగు పట్టీ, దాని కింద తుప్పురంగు పట్టీ ఉంటాయి. ఆకుల్లోంచి ఊరిన ఆమ్లాలు ఇనుమును, అల్యూమినియాన్ని కరిగించి కిందికి దించేసిన గుర్తు అది. సున్నపురాయి మీద ఈ పట్టీలు ఉండవు. నల్లటి జిగురుమట్టి నేరుగా రాయి మీదే కూర్చుంటుంది.

రాళ్ల అంచులనూ చూడండి. కోసుగా ఉండి, పొడుగు వైపు వాలు దిశకు తిరిగి ఉంటే పైనుంచి జారి వచ్చినవి. పిండి నుంచి బండ దాకా అన్ని సైజులూ కలగలిసి, అంచులు కాస్త అరిగి, రాళ్ల మీద గీతలుంటే హిమానీనదం తెచ్చి పోసినవి. లోతుకు పోయేకొద్దీ పగుళ్లతో, కింది బండ రాయే కనిపిస్తుంటే అక్కడే చిట్లినవి.

ప్రశ్న: తూకం వేస్తే రాళ్లు 50 శాతం వచ్చాయి. గోతి గోడ చూస్తే అంత లేవు. ఏది సరైనది?

జవాబు: రెండూ సరైనవే. మీరు కొలిచింది బరువు, కంటికి కనిపించేది ఘనపరిమాణం. వేళ్లకు, నీటికి కావలసింది రెండోదే. గోతి పరిమాణం 14 లీటర్లు, అందులో ఎండు సన్నమట్టి 10 కిలోలు, రాళ్లు 10 కిలోలు అనుకోండి. రాయి సాంద్రత లీటరుకు 2.65 కిలోలు కాబట్టి 10 కిలోలు అంటే 3.8 లీటర్లే. 14లో అది 27 శాతం.

ఉక్కు రింగుతో నమూనా తీయడం ఈ నేలల్లో కుదరదు. రాయి తగలగానే రింగు వంగుతుంది, లేదా రాయిని తోసుకుంటూ పోయి పక్క మట్టిని నలిపేస్తుంది. దాని బదులు 30 సెం.మీ. చదరపు చట్రాన్ని నేలకు ఆనించి, ఆకుపొర తీసేసి, సుమారు 15 సెం.మీ. లోతు తవ్వండి. తీసిన ప్రతి ముక్కనూ పట్టా మీదే పోయాలి. చేతికి దొరికే పెద్ద రాళ్లను బ్రష్‌తో దులిపి అక్కడే తూచండి. మిగతా మట్టి మొత్తం తూచి, బాగా కలిపి, అందులో తూచిన ఒక భాగాన్ని 105 డిగ్రీల వద్ద ఆరబెట్టి, జల్లెడ పట్టి, ఆ నిష్పత్తిని మొత్తానికి వర్తింపజేయండి. గోతిలో పలుచని ప్లాస్టిక్ షీటు పరిచి, కొలత పాత్రతో నీళ్లు పోస్తే ఘనపరిమాణం తెలుస్తుంది. వాలులో నీటిమట్టం చట్రానికి సమంగా నిలవదు కాబట్టి అక్కడ పొడి ఇసుక వాడండి. గుల్లగా ఉండే అగ్నిపర్వతపు రాళ్లకు 2.65 పనికిరాదు. వాటిని నీళ్లలో నానబెట్టి, పైతడి తుడిచి, బకెట్లో ముంచి, ఎంత నీరు పైకి లేచిందో కొలవాలి.

గోతికి మించిన బండలు ఈ పద్ధతికి దొరకవు. మీటరు వెడల్పు గోడ మీద 10 సెం.మీ. ఎడంగా దారాలు అడ్డంగా, నిలువుగా కట్టి, దారాలు కలిసే బిందువుల్లో రాయి మీద ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. 100కు 38 పడితే 38 శాతం.

ప్రశ్న: పరీక్షలో సేంద్రియ కర్బనం 4 శాతం వచ్చింది. అంటే మా అడవి నేల చాలా సారవంతమే కదా?

జవాబు: ఆ 4 శాతం జల్లెడ దిగిన మట్టిది. పైన 30 సెం.మీ.లో సన్నమట్టి సాంద్రత 0.9, రాళ్లు ఘనపరిమాణంలో 40 శాతం అయితే, హెక్టారుకు ఉన్న కర్బనం దాదాపు 65 టన్నులు. రాళ్లను మరిచిపోతే అదే 108 టన్నులుగా కనిపిస్తుంది. ఇంకో పొరపాటూ మామూలే: రాళ్లతో కలిపి తూచిన సాంద్రతను కర్బన శాతంతో గుణించడం. అప్పుడు లెక్క ఇంకా ఉబ్బుతుంది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది నమూనాలు తీసే తీరు. నేలను తొలిచి మట్టి తీసే బరమా రాయికి తగలగానే పక్కకు జరిగి, దిగిన చోటే మట్టి తీస్తారు. అలా మెత్తటి చోట్లే పుస్తకంలోకి ఎక్కుతాయి, అసలు నేల ఎక్కదు. ముందే నిర్ణయించిన చోటే తవ్వండి. రాయి వస్తే రాయి అనే రాసుకోండి.

ప్రశ్న: వర్షాలు బాగానే పడుతున్నా నాటిన మొక్కలు ఎండిపోతున్నాయి. రాళ్లు ఏరేస్తే ఫలితం ఉంటుందా?

జవాబు: ముందు నీటి లెక్క చూడండి. 60 సెం.మీ. లోతు నేలలో సన్నమట్టి తన పరిమాణంలో 15 శాతం నీటిని మొక్కకు ఇవ్వగలిగితే మొత్తం 90 మి.మీ. సగం రాళ్లయితే 45. రోజుకు 3 మి.మీ. ఖర్చయితే 15 రోజుల్లో ఖాళీ. కురిసినదెంత అని కాదు, రెండు వానల మధ్య ఎడం ఎంత అన్నదే ఇక్కడ ప్రశ్న. ఇసుకరాయి, బాగా మెత్తబడిన రాయి అయితే తానూ కొంత నీరు దాచుకుంటుంది, గ్రానైట్ దాచుకోదు.

రాళ్లన్నీ ఏరేయకండి. 40 సెం.మీ. గుంత తీసేటప్పుడు పై నల్లమట్టిని వేరుగా ఉంచి, వేళ్ల చుట్టూ దాన్నే నింపి, మడమతో గట్టిగా అదమండి. రాళ్ల మధ్య మిగిలిన గాలి సందుల్లో వేరు ఎండిపోతుంది. మొక్కలు చావడానికి ఎక్కువగా కారణం ఇదే. తీసిన రాళ్లను వాలు కింది వైపు నెలవంకలా పేర్చండి. చిన్నవాటిని కాండానికి నాలుగు వేళ్ల ఎడంగా నేల మీద పరవండి. వదులుగా పరిచిన రాళ్లు ఆవిరిని, నేల కోతను తగ్గిస్తాయి. గట్టిపడిన మట్టిపెచ్చులో బిగుసుకుపోయిన రాళ్లయితే నీటిని ఇంకనివ్వక పరుగెత్తిస్తాయి. ఎరువు వేస్తే మోతాదు తగ్గించండి. సగమే మట్టి ఉన్నచోట అదే మోతాదు రెట్టింపు గాఢతతో వేరుకు తగులుతుంది.

ప్రశ్న: ఒకసారి ఏరేసినా చలికాలం పోగానే మళ్లీ రాళ్లు పైకి తేలుతున్నాయి. ఎందుకు?

జవాబు: మంచు పని. రాయి తడిమట్టి కంటే వేగంగా చలిని కిందికి దింపుతుంది కాబట్టి దాని అడుగునే ముందు మంచు కడుతుంది. అది ఉబ్బి రాయిని లేపుతుంది. కరిగేటప్పుడు ఖాళీలోకి సన్నమట్టి జారిపడి, రాయి మళ్లీ కిందికి దిగకుండా చేస్తుంది. ఆకుపొర మందంగా ఉన్నచోట ఇది తక్కువ. ఆకు ఊడ్చేసిన చోట చిన్న మొక్కలు కూడా రాళ్లలాగే పైకి లేచి వేళ్లు తేలతాయి.

ప్రశ్న: గాలివానకు చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. తీసేయాలా?

జవాబు: వేళ్లు పలుచని నేలలో పక్కలకే పరుచుకోవడం వల్ల పళ్లెంలా లేచిపోయాయి. దారికి, నీటికి అడ్డం లేకపోతే ఉంచేయండి. ఆ పళ్లెం అడుగు మట్టిని, రాళ్లను పైకి తిప్పి పోసి కొత్త మొలకలకు చోటిస్తుంది. కాండం కోయక తప్పకపోతే, కోసేముందు వేళ్ల గోతిలో గానీ పళ్లెం వెనక గానీ ఎవరూ నిలబడకుండా చూడండి. కాండం బరువు తగ్గగానే ఆ వేళ్లముద్ద ఒక్కసారిగా వెనక్కి లేచి గోతిని మూసేస్తుంది.