ఫౌల్ కంటే ‘ముట్టుకోనే లేదు’ అన్న మాటకే ఎక్కువ కోపం

ఆదివారం పొద్దున సరదాకు బాస్కెట్‌బాల్ ఆడడానికి వెళ్ళి ఫౌల్ దగ్గర అరిచేస్తున్నానని, ఇంటికి వచ్చాక సిగ్గేస్తోందని, మిగతావాళ్ళు కోపాన్ని ఎలా అదుపు చేసుకుంటారని అడిగారు. నేను ఇరవై ఏళ్ళుగా ఆడుతున్నాను. అందులో పద్నాలుగేళ్ళు మీలాగే అరిచినవాణ్ణి కాబట్టి జవాబు చెప్పే అర్హత ఉందనే అనుకుంటున్నాను.

మేము ఆడేది హైదరాబాద్‌లో ఒక కాలనీ పార్కులోని సిమెంటు కోర్టులో. బాగున్న బుట్ట వైపు పిల్లలు నేర్చుకుంటారు. మాకు దక్కేది వల లేని బుట్ట. బంతి రింగులోంచి పడిందా, పక్కనుంచి జారిందా అన్నదాని మీదే వారానికొక తగాదా. ముగ్గురికి ముగ్గురం, సగం కోర్టు, ముందు పదకొండు బుట్టలు వేసిన జట్టు గెలిచినట్టు. ఓడినవాళ్ళు బయట కూర్చోవాలి. వరుసలో ఇంకో రెండు జట్లుంటే మళ్ళీ వంతు వచ్చేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. రిఫరీ ఉండడు. ఫౌల్ అయిందని దెబ్బ తిన్నవాడే చెప్పుకోవాలి.

దెబ్బ తగిలితే కోపం వస్తుందని చాలాకాలం అనుకున్నాను. కాదు. మోచేతి పోటు నొప్పి రెండు నిమిషాల్లో పోతుంది. ఎదుటివాడు చేతులు పైకెత్తి ‘నేను ముట్టుకోనే లేదు’ అంటాడు చూడండి, నలుగురిలో నన్ను అబద్ధాలకోరును చేసినట్టుంటుంది. అప్పుడు భగ్గుమంటుంది. అతని వైపు నుంచి చూస్తే నేను ‘ఫౌల్’ అని కేక పెట్టగానే అతణ్ణి మోసగాడన్నట్టే. ఇద్దరమూ ఆట గురించి కాక పరువు గురించి వాదించుకుంటాం. ఆ వాదన ఎప్పటికీ తేలదు.

ఇంకో సంగతి ఒప్పుకోవడానికి నాకు ఇంకా ఎక్కువ కాలం పట్టింది. నా కోపంలో ముప్పాతిక వంతు నా మీద నాకే. ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం, ఎదురుగా ఎవరూ లేకపోయినా లేఅప్, అంటే బుట్ట పక్కకు వెళ్ళి దగ్గర్నుంచి వేసే తేలిక షాట్, వేయలేకపోయాను. మా జట్టువాడు ఒకడు నవ్వాడు. తర్వాతి రీబౌండుకు, అంటే బుట్టలో పడక వెనక్కి వచ్చిన బంతికి, ఒక ఇంటర్ కుర్రాడు నా పక్కన లేచాడు. నా మోచేయి అతని మూతికి తగిలింది. తగిలిందని రాస్తున్నాను గానీ నేనే తిప్పాను. కింది పెదవి చిట్లి, బూడిదరంగు బనియను మీద మూడు చుక్కల నెత్తురు పడింది. అతను కుళాయి దగ్గర నోరు పుక్కిలించి వచ్చి ‘పర్వాలేదు అంకుల్’ అన్నాడు. ఆ ముందు వారం దాకా నన్ను అన్నా అని పిలిచేవాడు.

కొట్లాడినా బాగుండేది. ఆ వారమంతా ఆ ‘అంకుల్’ చెవిలో మోగుతూనే ఉంది.

ఊరట కోసం ఈ ఆట చరిత్ర చదివాను. నిజంగానే ఊరట దొరికింది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ అధ్యాపకుడు ఈ ఆటను కనిపెట్టిందే, చలికాలంలో నాలుగు గోడల మధ్య విసిగిపోయి అల్లరి చేస్తున్న తరగతిని దారిలో పెట్టడానికి. మొదటిసారి ఆడించగానే కుర్రాళ్ళు పట్టుకుని తోసుకుని గుద్దులాటకు దిగారని ఆయనే తర్వాత రేడియోలో చెప్పారు. పుట్టిన నాడే గొడవ పడిన ఆట ఇది. ఆయన రాసిన 13 నిబంధనల్లో ఒకటి నాకు పట్టేసింది: ఎదుటివాణ్ణి తోసినా, పట్టుకున్నా, కొట్టినా మొదటిసారి ఫౌల్, రెండోసారి చేస్తే తర్వాతి గోల్ పడేదాకా బయట ఉండాలి.

దాన్ని మేము కొంచెం మార్చి గొంతుకు వర్తింపజేశాం. గొంతు పెంచినవాడు తర్వాతి బుట్ట పడేదాకా గీత బయట నిలబడాలి, అతని జట్టు ఇద్దరితోనే ఆడాలి. ముగ్గురి ఆటలో ఒకడు తగ్గితే ఎంత కష్టమో మీకు తెలుసు. అందుకే అరవబోయేవాడి నోరు ఇప్పుడు సొంత జట్టువాళ్ళే మూయిస్తున్నారు. ఫౌల్ విషయంలో మాత్రం చెప్పినవాడి మాటే చివరి మాట. వేయలేకపోయిన ప్రతి బంతికీ ఫౌల్ అనేవాడు ఒకడు ఎక్కడైనా ఉంటాడు. వాడితో వాదించకండి, ఇచ్చేయండి. రెండు మూడు వారాల్లో వాణ్ణి తమ జట్టులోకి ఎవరూ పిలవరు. కొన్ని కోర్టుల్లో ఫౌల్ అన్నవాడితో బుట్టకు ఎదురుగా దూరం నుంచి ఒక షాట్ వేయించి, పడితే నీ బంతి అంటారు. నిజానికీ గురికీ ఏమి సంబంధమో నాకు అర్థం కాదు గానీ తగాదా పది సెకన్లలో తెగుతుంది, అది మాత్రం ఒప్పుకోవాలి.

ఇక మీ వరకు మీరు చేయగలిగింది: కోపం వచ్చినప్పుడు చేతిలో బంతి ఉంచుకోకండి. నేల మీద పెట్టేయండి, లేదా ఎవరికైనా ఇవ్వండి. బంతి చేతిలో ఉంటే విసరాలనిపిస్తుంది, నేను కంచెకేసి కొట్టి ఒకసారి పక్కింటి పూలకుండీ పగలగొట్టాను. ‘నీ బంతి’ అన్న రెండు మాటలు ముందే నాలుక మీద పెట్టుకోండి. ఇద్దరు వాదించుకుంటుంటే మధ్యలోకి వెళ్ళకండి. నేను చూసిన తోపులాటలు చాలావరకు సర్దిచెప్పబోయిన మూడోవాడితోనే మొదలయ్యాయి. నేనైతే మూడో ఆట తర్వాత ఆపేస్తాను. కాళ్ళు అలిసిపోతే డిఫెన్స్‌లో పక్కకు జరగలేక చెయ్యి చాపుతాం. ఆ చెయ్యే ఫౌల్, ఆ ఫౌలే గొడవ.

ఇంట్లో, ఆఫీసులో కూడా ఇలాగే అరుస్తున్నారా? అయితే ఇది కోర్టు సంగతి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. 2004 నవంబరులో అమెరికాలో డెట్రాయిట్ దగ్గర, అక్కడి పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఆటగాడు రాన్ ఆర్టెస్ట్, ఒక ఫౌల్ మీద గొడవ రేగాక స్కోరర్ల బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. ప్రేక్షకుల్లోంచి ఒక గ్లాసు వచ్చి మీద పడింది. అంతే, లేచి జనం మీదికి వెళ్ళాడు. 86 మ్యాచ్‌ల నిషేధం పడింది. 2010లో లేకర్స్ జట్టు తరఫున ఛాంపియన్ అయిన రాత్రి అదే మనిషి టీవీలో అందరి ముందూ తన మానసిక వైద్యురాలికి కృతజ్ఞతలు చెప్పాడు.

నేను పూర్తిగా మారిపోయానని అనుకోకండి. నిన్న నేనే అరిచి గీత బయట నిలబడ్డాను. అటువైపు ఒక షాట్ వేశారు. నన్ను లోపలికి రానివ్వాలా వద్దా అని రెండు నిమిషాలు తగాదా, బంతి రింగులోంచి పడిందో లేదో ఎవరికీ తేలక.