ఫైలు మూయడం గార్బేజ్ కలెక్టర్ పని కాదు

ప్రశ్న: జావాలో రాసిన మా సర్వర్ కొన్ని గంటలు బాగానే నడిచి, 'టూ మెనీ ఓపెన్ ఫైల్స్' అంటూ ఆగిపోతోంది. మెమరీ చూస్తే సగం ఖాళీ. ఫైలు మూసే కోడ్, ఆబ్జెక్టును పారేసే ముందు జావా పిలిచే ఫైనలైజ్ మెథడ్‌లో ఉంది. తప్పెక్కడ?

జవాబు: మెమరీ ఖాళీగా ఉండటమే చిక్కు. ఆబ్జెక్టులుండే మెమరీ, అంటే హీప్, నిండుతుంటేనే గార్బేజ్ కలెక్టర్ (వాడుకలో లేని ఆబ్జెక్టులను ఏరి పారేసేది) కదులుతుంది; ఎన్ని ఫైళ్లు తెరిచి ఉన్నాయో దానికి పట్టదు. ప్రాసెస్‌కు 4096 ఫైళ్ల పరిమితి ఉందనుకోండి. హీప్ పెద్దదైతే కలెక్టర్ ఒక్కసారీ నడవకముందే ఆ లెక్క దాటిపోతుంది. సాకెట్లూ (నెట్‌వర్క్ కనెక్షన్లు) ఈ లెక్కలోకే వస్తాయి. పరిమితి పెంచితే కూలిపోవడం వాయిదా పడుతుంది, అంతే.

కలెక్టర్ నడిచినా ఫైలు వెంటనే మూతపడదు. ఫైనలైజర్ ఉన్న ఆబ్జెక్టు ముందు క్యూలో చేరుతుంది. సాధారణంగా ఒకే థ్రెడ్ ఆ క్యూను చూసుకుంటుంది కాబట్టి ఒక ఫైనలైజర్ ఎక్కడైనా ఇరుక్కుంటే వెనకున్నవన్నీ ఆగుతాయి. అందులో ఎక్సెప్షన్ వస్తే చప్పుడు లేకుండా మాయమవుతుంది. పైగా ఆ ఆబ్జెక్టు మెమరీ తిరిగి రావాలంటే కలెక్టర్ ఇంకోసారి నడవాలి.

క్లాసును ఆటోక్లోజబుల్ చేసి (అంటే దానికి క్లోజ్ మెథడ్ ఇచ్చి), వాడే చోటల్లా ట్రై-విత్-రిసోర్సెస్ రాయండి; బ్లాకు ముగియగానే అది క్లోజ్‌ను తానే పిలుస్తుంది. జావా 7 నుంచీ ఉన్నదే. కానీ ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు: ఫైల్ ఇన్‌పుట్ స్ట్రీమ్‌ను నేరుగా, కుదించిన ఫైళ్లు చదివే జీజిప్ ఇన్‌పుట్ స్ట్రీమ్ కన్‌స్ట్రక్టర్ లోపలే సృష్టిస్తారు. ఆ కన్‌స్ట్రక్టర్ వెంటనే హెడర్ చదువుతుంది. ఫైలు జీజిప్ కాకపోతే అక్కడే ఎక్సెప్షన్; లోపలి స్ట్రీమ్‌కు పేరు లేదు గనుక దాన్ని మూసే దిక్కుండదు. అందుకే ట్రై బ్రాకెట్లలోనే రెండింటికీ విడివిడి వేరియబుల్స్ పెట్టండి. చివర తెరిచింది ముందు మూతపడుతుంది.

ప్రశ్న: ఫైనలైజ్ బదులు క్లీనర్ పెడితే చాలదా?

జవాబు: చాలదు. ఆబ్జెక్టు వాడుకలోంచి పోయాక మనమిచ్చిన కోడ్‌ను నడిపే క్లీనర్ జావా 9లో వచ్చింది; అది కూడా కలెక్టర్ కోసం ఎదురుచూసేదే. ఎవరైనా క్లోజ్ మరిచిపోతే ఆదుకోవడానికి ఉంచుకోండి. క్లీనర్‌కిచ్చే లాంబ్డాలో (పేరులేని చిన్న ఫంక్షన్‌లో) ఆ ఆబ్జెక్టు ఫీల్డును తాకితే లాంబ్డా ఆబ్జెక్టునే పట్టుకుంటుంది, ఇక క్లీనర్ ఎప్పటికీ నడవదు. లాంబ్డా బదులు, ఫైలు హ్యాండిల్ మాత్రమే ఉన్న స్టాటిక్ క్లాసు ఇవ్వండి. క్లోజ్‌లోనూ, క్లీనర్‌లో నమోదు చేస్తే వచ్చే క్లీన్ మెథడ్‌నే పిలవండి. ఎన్నిసార్లు పిలిచినా పని ఒక్కసారే జరుగుతుంది.

ఫైనలైజ్‌ను 2022లో, జావా 18తో, తొలగించాల్సినవాటి జాబితాలో చేర్చారు. ఆ వెర్షన్ నుంచి ఫైనలైజేషన్‌ను ఆపేసే ఆప్షన్ కూడా ఉంది. టెస్ట్ మెషిన్‌లో దాన్ని ఆపి, తెరిచి ఉన్న ఫైళ్లను, వాటి జాబితా చూపే 'ఎల్‌ఎస్‌ఓఎఫ్' కమాండ్‌తో నిమిషానికోసారి లెక్కించండి. లోడ్ ఒకేలా ఉన్నా లెక్క పెరుగుతూనే పోతే, క్లోజ్ పిలవని చోటు ఇంకా మిగిలే ఉంది.