కార్డు డిజైన్ హన్మకొండలో, ప్రింటింగ్ ఇక్కడ

ప్రశ్న: అక్కా, మాది నర్సంపేట. డల్లాస్ దగ్గరికి కొత్తగా వచ్చినం. వర్క్ పర్మిట్ వచ్చింది, ఇంట్లనే బ్లౌజులు, ఫాల్స్, ఆల్టరేషన్లు మొదలుపెడదామనుకుంటున్న. విజిటింగ్ కార్డులు హన్మకొండలో వెయ్యి కొట్టించి, వచ్చేవాళ్లతోటి పంపిస్తనని మా తమ్ముడు అంటున్నడు. తెప్పించుకోనా?

జవాబు: వద్దు చెల్లె. డిజైన్ అక్కడ చేయించుకో, ప్రింటింగ్ మాత్రం ఇక్కడ. ఈ తెలివి నాకు వెయ్యి కార్డులు దండగయ్యాక వచ్చింది.

నేనూ వచ్చిన కొత్తలో నీలాగే లెక్కేశాను. ఏ ధర చూసినా రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకునే రోజులవి. ఇక్కడొకాయన ఉత్త డిజైన్‌కే 150 డాలర్లు అడిగాడు. ఆ పైసలతో మన దగ్గర పెళ్లి పత్రికలే వచ్చేస్తాయి కదా అని మా అన్నకు ఫోన్ చేశాను. హన్మకొండ చౌరస్తా దగ్గర తెలిసిన ప్రెస్సులో 500 అయినా 1000 అయినా పెద్ద తేడా లేదన్నారు. అందులో అబద్ధమేం లేదు. ఆఫ్‌సెట్‌లో ఖర్చంతా ప్లేట్లు చేయడానికీ మిషన్ సెట్ చేయడానికీ పోతుంది, ఆ తర్వాత పడేది కాగితం ఖర్చే. సరే, వెయ్యి కొట్టమన్నాం. ఏడాదికి వంద కార్డులు కూడా పంచని దానికి వెయ్యి ఎందుకని అప్పుడు తట్టలేదు.

ఆ కార్డు చూస్తే నవ్వుతావు. పైన శ్రీకారం, ఒక పక్క భద్రకాళి అమ్మవారు, ఇంకో పక్క కాకతీయ తోరణం, మధ్యలో నా పేరు, కింద బి.కాం., దాని కింద మా ఆయన పేరు, ఆయన ఉద్యోగం! మెరూన్ రంగు మీద బంగారు అక్షరాలు. తోరణం మీది చెక్కడాలు గోరంత బొమ్మలో ఏం కనిపిస్తాయి, అన్నీ అలుక్కుపోయి మరకలా మిగిలింది. తెలుగులో పేరు నేను ఫోన్‌లో టైపు చేసి పంపితే వాళ్లది పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, ‘అను’ అనే పాత రకం తెలుగు ఫాంట్లు. ఫోన్‌లో కొట్టే యూనికోడ్ తెలుగు అందులోకి ఎక్కదు. మళ్లీ కొట్టేటప్పుడు పేరులో వత్తు ఎగిరిపోయింది. ప్రూఫ్ వాట్సాప్‌లో వచ్చింది, నేను సరిగ్గా చూడకుండానే ఓకే అన్నాను.

ఇక సైజు. అమెరికా కార్డు 3.5 అంగుళాల పొడవు, 2 అంగుళాల ఎత్తు, అంటే సుమారు 89 బై 51 మిల్లీమీటర్లు. నాకొచ్చినవి 90 బై 54. ఆ మూడు మిల్లీమీటర్లకే ఇక్కడ కొన్న కార్డుల డబ్బా మూత పడలేదు. పైగా రెండు వైపులా గ్లాసీ లామినేషన్, పెన్ను పెడితే రాయదు. మన పనిలో కార్డు వెనక ‘శనివారం 4 గంటలకు ట్రయల్’ అని రాసివ్వాలి కదా. 350 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 350 గ్రాముల కాగితం) కార్డులు వెయ్యంటే కిలోన్నర పైనే తూగుతాయి. వచ్చేవాళ్ల సూట్‌కేసులో వాటికి చోటిచ్చి మా అమ్మ పెట్టిన తొక్కు సీసా తీసేశారు, ఆ కోపం నాకింకా ఉంది. తీరా అవి చేతికొచ్చాక లీజు అయిపోయి ఇల్లు మారాం, ప్రీపెయిడ్ నంబరూ పోయింది. చివరికి ఆ కార్డులకు దారాలు చుట్టుకున్నాను.

అందుకే కార్డు కంటే ముందు నంబరు చూసుకో. గూగుల్ వాయిస్ నంబరు ఊరికే ఇస్తారు, సిమ్ మారినా అది మారదు. ఇంటి అడ్రస్ వెయ్యకు, ఊరి పేరు రాసి ‘అపాయింట్‌మెంట్ ఉంటేనే’ అను. నంబరు మనలా ఐదు, ఐదు విడగొట్టకుండా మూడు, మూడు, నాలుగుగా రాయించు. నీ పేరు, ఏ పని చేస్తావో ఒక్క లైను, చాలు. డిగ్రీలు ఎవరూ చదవరు.

మీ తమ్ముడిని డీటీపీ షాపులో కూర్చోబెట్టి ఈ మాటలు యథాతథంగా చెప్పించు: పేజీ 3.5 బై 2 అంగుళాలు, చుట్టూ 0.125 అంగుళం బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు), అంటే మొత్తం 3.75 బై 2.25. అక్షరాలు కోత పడే అంచు నుంచి మళ్లీ అంతే లోపలికి. రంగులు సీఎంవైకేలో (ప్రెస్సు వాడే నాలుగు సిరాల పద్ధతి), ఫొటో ఉంటే 300 డీపీఐ. కోరల్‌డ్రాలో అక్షరాలన్నీ ‘కర్వ్స్’ (గీతల బొమ్మలు) చేసి పీడీఎఫ్ పంపమను, అప్పుడు వత్తులు ఎటూ పోవు. తెలుగు లైను కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర ఉచితమే. వాళ్లు అడిగింది యూపీఐలో కొట్టెయ్, బేరమాడకు. ఓపికుంటే కాన్వా అనే డిజైన్ సైట్లో నువ్వే చేసుకోవచ్చు, నేనిప్పుడు అదే చేస్తాను, డిజైన్‌కు పైసా ఖర్చు లేదు.

క్యూఆర్ కోడ్ పెడితే స్టాటిక్‌దే పెట్టు. డైనమిక్ అని నెలనెలా చందా అడుగుతారు, కట్టడం ఆపితే కోడ్ పనిచేయకుండా పోవచ్చు. స్టాటిక్‌లో నంబరు మార్చలేవు, నంబరు ముందే ఖాయం చేసుకోమన్నది ఇందుకు కూడా.

మొదటి నెలకు ప్రెస్సే అక్కర్లేదు. స్టేషనరీ షాపుల్లో ‘ఎవరీ’ (Avery) అనే కంపెనీ కార్డు షీట్లు దొరుకుతాయి. లెటర్ సైజు షీటుకు పది కార్డులు, ప్రింటర్‌లో పెట్టి తీసి విరుచుకోవడమే. అవి పంచి చూడు. ధరలు, సమయాలు అన్నీ కుదిరాక ఆన్‌లైన్‌లో వంద కార్డులే కొట్టించు. చాలామంది కార్డులు ఒకే పెద్ద షీటు మీద కలిపి కొడతారు కాబట్టి చవక. రంగు అటూ ఇటూ అవుతుంది, కచ్చితంగా ఇదే మెరూన్ కావాలని పట్టుబట్టకు. కాగితం మందం ఇక్కడ పాయింట్లలో చెబుతారు, పాయింటంటే అంగుళంలో వెయ్యో వంతు. 14 పాయింట్ మ్యాట్ తీసుకో, వెనక వైపు కోటింగ్ వద్దను. ఫాయిల్, గుండ్రటి మూలలు, ఎక్స్‌ప్రెస్ షిప్పింగ్ అని పేజీ పేజీకీ ఆశ పెడతారు. అన్నిటికీ వద్దనే నొక్కు, లేదంటే కార్డుల ధర ఒకటి, బిల్లు ఇంకొకటి.

వర్క్ పర్మిట్ షరతులు యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ శాఖ) సైట్లో చూసుకో. దుకాణానికి పేరు పెట్టుకుంటే టెక్సస్‌లో కౌంటీ క్లర్క్ దగ్గర నమోదు చేయించాలి. నమోదు కాని పేరు కార్డు మీద వెయ్యకు. బిల్లు దాచుకో, ట్యాక్స్‌లో అడ్వర్టైజింగ్ ఖర్చు కింద చూపించవచ్చు.

కార్డులెందుకు, వాట్సాప్ ఉంది కదా అంటారు మీ వయసు వాళ్లు. గుడికొచ్చే పెద్దమ్మలు కార్డే అడుగుతారు. పర్సులో పడేసి మర్చిపోతారు, పెళ్లి దగ్గరపడ్డాక తీసి ఫోన్ చేస్తారు. ఇండియన్ గ్రోసరీ కౌంటర్ మీద మాత్రం కట్టలు పెట్టకు, పిల్లలు ఆడుకుంటారు. ఓనర్‌ను అడిగి నాలుగైదు పెట్టు, సరుకులకు పోయినప్పుడల్లా చూసి నింపుకో. ఇంకో మాట, ఆర్డర్ పెట్టే రోజు కార్డులన్నీ కార్ట్‌లో వేసి పైసలు కట్టకుండా బయటికొచ్చెయ్. చాలాసార్లు రెండు రోజుల్లో కూపన్ మెయిల్ వస్తుంది, అప్పుడు కట్టు.