పాపసంకీర్తనం చేశాక కూడా సందేహం వదలకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చా?

పాపసంకీర్తనం చేసి, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకుని, చర్చి మెట్లు దిగకముందే "అన్నీ సరిగ్గా చెప్పానా?" అన్న సందేహం మొదలవుతోందనీ, వారానికి నాలుగుసార్లు వెళ్తున్నారనీ రాశారు. మందులు వాడితే విశ్వాసం తక్కువైనట్టా అని అడిగారు. కానే కాదు. మీరు రాసినవి ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటిని తగ్గించుకోడానికి చేసిందే మళ్ళీ మళ్ళీ చేయడం అనే మానసిక సమస్య) లక్షణాల్లా ఉన్నాయి, అవునో కాదో సైకియాట్రిస్టే తేల్చాలి. జెస్యూట్ సభను స్థాపించిన పునీత ఇగ్నేషియస్ లొయోలా కూడా 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో ఉన్నప్పుడు, చెప్పిన పాపాలే మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటూ చనిపోవాలనిపించేంతగా నలిగిపోయారు. మీకూ అలాంటి ఆలోచన వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.

చెప్పుకోగానే కాసేపు ఊరటగా ఉంటుంది చూడండి, చిక్కంతా అక్కడే. ఆ ఊరటకు అలవాటుపడ్డ మనసు మళ్ళీ సందేహాన్ని లేపుతుంది. ఇంకో ఫాదర్‌ని అడిగినా, ఇంట్లోవాళ్ళు "నీ పాపం పోయింది" అని పదిసార్లు చెప్పినా అదే తంతు.

అందుకే ఒక్క గురువు (ఫాదర్) దగ్గరికే వెళ్ళండి. ఎన్నాళ్ళకోసారి రావాలో ఆయన్నే నిర్ణయించమనండి. పాతవి తిరగదోడకూడదు, పాపమో కాదో తేలనివి చెప్పనక్కర్లేదు. చావైన పాపం, అంటే ఆత్మను దేవుడికి దూరం చేసే పెద్ద పాపం, కావాలంటే విషయం గంభీరమైనదై ఉండాలి, అది తెలిసుండాలి, మనస్ఫూర్తిగా ఒప్పుకుని చేసుండాలి. పూజ మధ్యలో మీకిష్టం లేకుండా దూరే దైవదూషణ తలపులో ఆ మూడోది లేదు.

డాక్టర్‌తో "తప్పు చేశాననిపిస్తోంది" అని ఊరుకుంటే డిప్రెషన్ అనుకునే ప్రమాదముంది. రోజుకు ఎన్ని గంటలు దీనికే పోతున్నాయో, ఒక్కో జపం ఎన్నిసార్లు తిరిగి మొదలుపెడుతున్నారో లెక్కతో చెప్పండి. సెర్ట్రలిన్, ఫ్లూఓక్సెటిన్ లాంటి మందులు ఓసీడీలో పనిచేయడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, డోసు కూడా తరచు డిప్రెషన్‌కి ఇచ్చేదానికంటే ఎక్కువే. మూడో వారంలో "ఏం లాభం లేదు" అని మానేసేవాళ్ళే ఎక్కువగా నష్టపోతారు.

మందులతో పాటు ఈఆర్‌పీ థెరపీ (భయాన్ని ఎదుర్కొంటూ, అలవాటుగా చేసే పనిని ఆపడం నేర్పే చికిత్స) అడగండి. ఉదాహరణకు పరలోక జపం ఒక్కసారే చెప్పి, మధ్యలో ధ్యాస చెదిరినా మళ్ళీ మొదలుపెట్టకుండా, గుండెదడ దానంతటదే తగ్గేదాకా కూర్చోవాలి. తేలికైన భయంతో మొదలుపెట్టి పైకి వెళ్తారు. పాపం చేస్తేగానీ నయం కాదని మంచి థెరపిస్ట్ ఎవరూ అనరు.

పాపసంకీర్తనంలో విన్నది గురువు డాక్టర్‌కి చెప్పలేరు. కాబట్టి ఆయన పెట్టిన నియమాలు మీరే కాగితం మీద రాసి థెరపిస్ట్‌కి ఇవ్వండి.