టెక్ సందేహాలు: ప్రేమకథ వినిపించే యాప్‌కు మన మెసేజ్‌లతో ఏం పని?

"అన్నా, టెలిగ్రామ్‌ల ఒక ఆడియోబుక్ యాప్ దొరికింది, ప్రీమియం మొత్తం ఫ్రీ అంట. ఇన్‌స్టాల్ చేసిన, ఓపెన్ చేస్తే యాక్సెసబిలిటీ ఆన్ చెయ్యమంటుంది, కానీ ఆ బటన్ బూడిద రంగుల ఉంది, నొక్కితే పని చేస్తలేదు. ఎట్ల ఆన్ చెయ్యాలె? నా సిరీస్ మూడో భాగం మధ్యల ఆగిపోయింది." మిర్యాలగూడ నుంచి ఒక బీటెక్ చెల్లె.

ఆన్ చెయ్యకు చెల్లె. ఇదే సందేహం నల్గొండ నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి, దేవరకొండ హాస్టల్ పిల్లల నుంచి వస్తనే ఉంది, పుస్తకం పేరు ఒక్కటే మారుతది. ఆ బటన్ బూడిద రంగుల ఉండుడు నీ ఫోన్ తప్పు కాదు, అది నిన్ను కాపాడుతుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి ప్లే స్టోర్ బయట దొరికిన ఏపీకేలకు (యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లకు) యాక్సెసబిలిటీ అంత తేలిగ్గ ఇయ్యరు. ఇప్పుడు ఆ ఛానెల్‌ల అడుగు, యాప్ ఇన్ఫోల పైన మూడు చుక్కలు నొక్కి తాళం ఎట్ల తియ్యాల్నో వీడియో పంపుతరు. దొంగ వచ్చి తాళంచెవి ఎక్కడుందో చెప్పి, జర నువ్వే తీసి పెట్టమ్మా అన్నట్టు!

అసలు ఆ పర్మిషన్ కళ్లు కనిపించనోళ్ల కోసం పెట్టింది. స్క్రీన్ మీద ఏమున్నదో చదివి వినిపించాలంటే, వాళ్ల బదులు బటన్ నొక్కాలంటే, యాప్‌కు మొత్తం స్క్రీన్ కనపడాలె కదా. మరి ఆ చూపు దొంగ యాప్‌కు దొరికితే? బ్యాంక్ యాప్ ఓపెన్ చేసిన సంగతి తెలుస్తది, నోటిఫికేషన్ల ఓటీపీ కనపడతది, నువ్వు ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని హీరో ఎప్పుడు నోరు విప్పుతడా అని ఎదురుచూస్తుంటే అది నీ బదులు బటన్లు నొక్కుతనే ఉంటది. ఆడియోబుక్ యాప్‌కు నోటిఫికేషన్ పర్మిషన్ ఇస్తే సాలు, ఎస్ఎంఎస్, కాంటాక్ట్స్, యాక్సెసబిలిటీ అడిగిందంటే అది పుస్తకాల యాప్ కాదు. ఇంకోటి, పుస్తకం పేరుతోని ఎవరన్న ఫైల్ పంపితే చివర చూడు. ఎంపీ3, ఎం4బీ అయితే ఆడియో. ఏపీకే అని ఉంటే లోపల ఏ ప్రేమకథా ఉండదు.

ఇప్పటికే ఆన్ చేసినోళ్లు ముందుగాల ఫ్లైట్ మోడ్ పెట్టుండ్రి. వేరే ఫోన్‌తోని బ్యాంక్‌కు ఫోన్ చేసి యూపీఐ, కార్డు ఆపించుండ్రి. పైసలు పోయినయంటే ఆలస్యం చెయ్యకుండ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టుండ్రి. సెట్టింగ్స్ తెరిస్తే దానంతటదే మూసుకుంటుంటే ఫోన్‌ను సేఫ్ మోడ్‌ల (మనం ఇన్‌స్టాల్ చేసిన యాప్‌లు నడవకుండ) ఓపెన్ చేసి, డివైస్ అడ్మిన్ (ఫోన్ మీద అధికారం ఉన్న యాప్‌ల) లిస్టుల దాని టిక్ తీసి అప్పుడు అన్‌ఇన్‌స్టాల్. అయినా అనుమానముంటే ఫొటోలు తీసిపెట్టుకొని ఫ్యాక్టరీ రీసెట్. మనసు రాదు, నాకు తెలుసు.

అయితే పిల్లలను తిట్టి ఊకుంటే సగం న్యాయమే. ఇప్పుడొచ్చే ప్రేమకథల యాప్‌లు చూడుండ్రి, సీఈఓ మొగుడు, కాంట్రాక్ట్ పెళ్లి, పది నిమిషాల ఎపిసోడ్‌ల మూడు నిమిషాలు పోయిన ఎపిసోడ్ల ఏం జరిగిందో చెప్పుడే, సరిగ్గ ఆమె తలుపు తెరిచే టైముకు "కాయిన్లు కొనండి". పుస్తకం మొత్తానికి ఎంతయితదో ముందుగాల ఒక్క దగ్గర రాయరు. రాస్తే ఎవడు కొంటడు? ట్రయల్ అని ఒక్క రూపాయి తీసుకొని యూపీఐ ఆటోపే (పైసలు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) పెట్టించుకుంటరు, యాప్ తీసేసినా అది ఆగదు, పేమెంట్ యాప్‌ల ఆటోపే లిస్టుకు పోయి మనమే రద్దు చెయ్యాలె. ఇట్లాంటి డిజైన్ చేసినోడికి కాయిన్లు కొంటే గానీ జీతం కనపడకుండ చెయ్యాలె.

నా మటుకు నాకు రొమాన్స్, టీనేజ్ నవలలు చదువుడు కంటే వినుడే బాగుంటది. ఆమె చాప్టర్ ఆమె గొంతు, అతని చాప్టర్ అతని గొంతు చదివితే డ్యూయల్ అంటరు. ఎవరి చాప్టరైనా ఎవరి డైలాగ్ వాళ్లే చెప్తే డ్యూయెట్. కొట్లాడుకునే జంటకు డ్యూయెటే కరెక్ట్, లేకుంటే ఒక్కామె గొంతు బొంగురు చేసి హీరో లెక్క మాట్లాడుతుంటే నవ్వొస్తది. ఏఐ గొంతులైతే అలిగినా అదే టోన్, ఏడ్చినా అదే టోన్, బస్టాండ్‌ల అనౌన్స్‌మెంట్ విన్నట్టే ఉంటది. కొనే ముందు శాంపిల్ ఐదు నిమిషాలు వినుండ్రి. పైసల్లేకుంటే లిబ్రివాక్స్ ఉంది, వాలంటీర్లు చదివిన పాత ఇంగ్లిష్ ప్రేమ నవలలు, కాపీరైట్ దాటినయి, ఉత్త పుణ్యానికే. కొత్తయి మాత్రం దొరకయి.

జడ్చర్ల తమ్ముడు: "మన్యంకొండకు పోతుంటే కారు స్టార్ట్ చెయ్యంగనే రాత్రి విన్న చాప్టర్ స్పీకర్ల మోగింది. వెనక సీట్ల బాపు, అమ్మ. ఇట్ల ఎందుకైతది?"

కార్ స్టీరియో బ్లూటూత్ కలవంగనే అడగకుండనే ప్లే కమాండ్ కొడ్తది, ఫోన్ ఆఖరికి ఆడినదాన్నే ఎత్తుకుంటది. ఎవని తెలివో ఇది! యాప్ సెట్టింగ్స్‌ల బ్లూటూత్ ఆటోప్లే ఉంటే ఆపు, లేకుంటే కారెక్కే ముందు వేరే యాప్‌ల ఏదన్న దేవుని పాట ఒక్క సెకను పెట్టి ఆపు. బాపు ఏమన్నడో మాత్రం రాయలేదు.

వనపర్తి నుంచి ఇంకో చెల్లె: "ఎడమ ఇయర్‌బడ్ పోయింది, కుడిదొక్కటే పెట్టుకుంటున్న. హీరో మంచిగ వినపడుతడు, హీరోయిన్ ఎక్కడ్నో దూరంగ గుసగుసలాడినట్టుంది. రికార్డింగే ఖరాబా?"

రికార్డింగ్ బాగనే ఉంది. సౌండ్ ఎఫెక్ట్స్‌తోని నాటకం లెక్క చేసినయి స్టీరియోల ఉంటయి, ఆమెను ఎడమ దిక్కు నిలబెట్టిన్రు. సెట్టింగ్స్‌ల యాక్సెసబిలిటీకి పోయి మోనో ఆడియో ఆన్ చెయ్యి (ఇది ఫోన్‌ల ఉన్న సెట్టింగే, భయపడకు). రెండు దిక్కుల గొంతులు ఒక్క చెవిల పడతయి. ఇప్పటిదాక అతని వాదనే విన్నవ్ కాబట్టి మొదటి చాప్టర్ నుంచి మళ్లీ పెట్టు.